శరత్కాలము, ఆటలు, పదవీ విరమణ

(శతాబ్ది ఉత్సవములలో పెద్దల కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది కమిటీవారు నన్ను పిలిచి, "మాస్టారూ, మీరు త్వరలో రిటైరవుతున్నారు గదా, ఆ విషయము మీదనే నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఇంకొక ఎనిమిది నెలలలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో నా ఉద్యోగము ముగుస్తుంది. ముప్పై ఎనిమిది సంవత్సరములు సుద్దముక్క పట్టిన చేతికి ఇకమీదట ఏమి పని? ఈ ప్రశ్న నన్ను రాత్రులు నిద్ర లేపుతున్నది. ఇక్కడ కూర్చున్నవారిలో సగముమందికి ఈ ప్రశ్న ఇదివరకే వచ్చినది, మిగిలినవారికి రేపో మాపో వస్తుంది. గనుక నా ఒక్కడి గొడవగా కాక, మనందరి సంగతిగా మాట్లాడుతాను.

నాకు ఉపన్యాసములు చేతకావు. నాకు తెలిసినవి మూడు సంగతులు. ఒకటి, మన ఊరి పొలములలో ఋతువులు మారే తీరు. రెండవది, ఆటలు. చిన్ననాటి నుండి నేను ఆడినది తక్కువ, చూచినది, రేడియోలో విన్నది ఎక్కువ. మూడవది, బడి. ఈ మూడింటిని కలిపి చెప్పుకుంటాను. ఓపికతో వినండి.

మన శరత్తు

మేము చదివిన ఇంగ్లీషు వాచకములలో శరత్కాలమనగానే ఆకులు రాలే బొమ్మ ఉండేది. అమెరికాలో ఈ ఋతువును ఫాల్ అనే అంటారు, రాలుట అని దాని అర్థము. మా అమ్మాయి న్యూజెర్సీ నుండి ఏటా అక్టోబరులో ఎర్రబారిన మేపుల్ చెట్ల ఫోటోలు పంపుతుంది. చూడడానికి చక్కగానే ఉంటాయి. వయసు మళ్ళిన మనిషిని ఆ ఆకుతో పోల్చి ఎందరో వ్రాశారు. ఆ పోలిక వారి దేశమునకు సరిపోతుంది.

మన దగ్గర ఆకులు రాలేది శిశిరములో, మాఘ ఫాల్గుణ మాసములలో. ఆశ్వయుజ కార్తీకముల శరత్తులో ఏమి జరుగుతుందో మీలో పొలము ఉన్నవారందరికీ తెలుసు. వానలు వెనుకపట్టు పడతాయి. శ్రావణములో ఎర్రగా పారిన కాలువ నీరు తేటపడుతుంది. ఏటిగట్టున రెల్లు పూసి తెల్లగా ఊగుతుంది. వెన్నెల అంటే శరత్తుదే అని పెద్దలన్నారు, ఆకాశములో దుమ్ము కడిగి పోయి ఉంటుంది గనుక.

అన్నిటికంటె ముఖ్యము వరిచేను. ఈ రోజులలోనే చేను పొట్టకు వస్తుంది, ఈనుతుంది, గింజ పాలు పోసుకుంటుంది. వ్యవసాయ శాఖవారు రైతులకు చెప్పే మాట ఒకటి ఉన్నది. 120 రోజుల స్వల్పకాలిక రకమైనా, 150 రోజుల సాంబ మసూరి అయినా, ఈనిన తరువాత పక్వమునకు రావడానికి పట్టేది ఇంచుమించు ముప్పై రోజులే. తేడా అంతా మొదటి భాగములోనే, ఆకు వేసి దుబ్బు చేసే కాలములో. ఆ ఆఖరి ముప్పై రోజులలో గింజకు ఆహారము అందించేది ముఖ్యముగా పైనున్న రెండు మూడు ఆకులు. చిట్టచివర పుట్టిన ఆకును మన రైతులు పోటాకు అంటారు. ఆ పోటాకు ఎండితే గింజ తాలు పోతుంది. అందుకే చివరి ఆకును పురుగు తినకుండా రైతు కాచుకుంటాడు.

నాకు ఇది పెద్ద ధైర్యము. అరవై దాటిన మనిషిని రాలిన ఆకు అనుకుంటే ఇక చెప్పుకునేది ఏమీ లేదు. పోటాకు అనుకుంటే, పంట బరువు మన మీదనే ఉన్నది.

మరొక మాట. సంస్కృతములో శరత్తు అనే మాటకు సంవత్సరము అనే అర్థము కూడ ఉన్నది. నిండు జీవితమును పూర్వులు నూరు శరత్తులని లెక్కించారు. ఆ లెక్కన మన డయాసిస్ నూరు శరత్తులు చూచినదన్నమాట.

అయితే మన శరత్తు అంతా వెన్నెలే అని చెప్పను. కోస్తావారికి ఇది తుపానుల కాలము కూడ. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినది. కోతకు వచ్చిన చేలు, పశువులు, వేలాది మనుషులు ఒక్క రాత్రిలో పోయారు. 1996 నవంబరు 6న కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. నాటు రకము కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడు ఏండ్లు పడుతుంది. అయినను ఆ మరుసటి సంవత్సరమే గుంటలు తీసి మొక్కలు పెట్టినవారిలో అరవై, డెబ్బది ఏండ్లవారు ఉన్నారు. కాయ తాము తింటామా, మనుమలు తింటారా అని వారు లెక్క వేసుకోలేదు. వయసు మీద పడినవారికి ఆపద రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆపద తరువాత మొక్క పెట్టవచ్చునా అంటే, పెట్టవచ్చునని ఆ ముసలివారు చూపించారు.

ఆట చూచువాడు

ఇక ఆటల సంగతి. మా ఇంటావిడ అంటుంది, "మీరు ఆడింది లేదు, గెలిచింది లేదు, రాత్రంతా మేలుకొని చేతులు నలుపుకోవడం ఎందుకండీ?" అని. దీనికి సమాధానము నాకు చాలకాలము తెలియలేదు. 1983 జూన్ 25 రాత్రి మా ఊరి టీ దుకాణములో ట్రాన్సిస్టరు చుట్టూ ముప్పైమందిమి నిలుచున్నాము. మనవారు చేసినది 183 పరుగులు. వెస్టిండీసును 140కి పడగొట్టి 43 పరుగులతో ప్రపంచ కప్పు గెలిచారు. ఆ రాత్రి దుకాణదారు టీకి డబ్బులు పుచ్చుకోలేదు. అంతకు వారము ముందు గట్టు తగాదా వల్ల మాటలు లేని ఇద్దరు రైతులు ఒకరినొకరు పట్టుకొని ఎగిరారు. మన చేతిలో ఏమీ లేని ఒక సంగతి కొరకు పదిమందితో కలిసి సంతోషించుట, కలిసి దుఃఖపడుట మనిషికి మంచిదే అని నాకు అప్పుడు తోచినది.

ఆట చూచువానికి మరొక లాభము ఉన్నది. ఆటగాడు మనకంటె పాతికేండ్లు ముందుగా ముసలివాడవుతాడు. గుమాస్తాకు, మాస్టరుకు అరవైలో వచ్చేది అతనికి ముప్పై అయిదులో వస్తుంది. కాలు ఒక అంగుళము ఆలస్యమవుతుంది. కన్ను బంతిని ఒక క్షణము తరువాత పట్టుకుంటుంది. నిన్న జేజేలు కొట్టినవారే "ఇంకా ఎందుకు ఆడుతున్నాడు" అంటారు. నా ఇష్టమైన ఆటగాళ్ళు అయిదారు తరములవారు నా కళ్ళ ముందు వచ్చారు, వెలిగారు, వెళ్ళారు. రిటైర్మెంటు అనే పాఠము వారు నాకు ముందుగానే చెప్పారు. వారిలో నలుగురి సంగతి ఇప్పుడు చెప్తాను. నలుగురూ ఏదో విధముగా మన తెలుగు నేలకు సంబంధించినవారే.

నలుగురు వెళ్ళిన తీరు

మొదటివారు సి.కె. నాయుడు గారు. కొఠారి కనకయ్య నాయుడు. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబములో 1895లో పుట్టారు. 1932 జూన్ 25న లార్డ్స్ మైదానములో భారతదేశము తన మొదటి టెస్టు ఆడినప్పుడు ఆయనే కెప్టెన్. అప్పటికి ఆయనకు ముప్పై ఆరేండ్లు. సరిగ్గా యాభై ఒక్క సంవత్సరముల తరువాత, అదే తేదీన, అదే మైదానములో కపిల్ దేవ్ కప్పు ఎత్తుకున్నాడు. నాయుడు గారు యాభై దాటిన తరువాత రంజీ ట్రోఫీలో ద్విశతకము కొట్టారు. అరవై దాటిన తరువాత కూడ రంజీలో ఆడారు. ఆఖరి ఫస్ట్ క్లాస్ ఆట ఆడినప్పుడు ఆయన వయస్సు అరవై ఎనిమిది. శరీరము సహకరించినంతకాలము దిగి ఆడుట ఒక పద్ధతి. అది అందరికీ దొరికే వరము కాదు. దొరికినవారు సిగ్గుపడనవసరము లేదు.

రెండవవారు వి.వి.యస్. లక్ష్మణ్ గారు. 2001 మార్చిలో కలకత్తా టెస్టు మీకందరికీ జ్ఞాపకమే. వరుసగా పదహారు టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా, మనవారిని 274 పరుగుల వెనుకబాటుతో ఫాలో ఆన్ ఆడించినది. లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180. ఇద్దరూ కలిసి 376 పరుగులు చేశారు. నాలుగవ రోజు ప్రొద్దున నుండి సాయంత్రము వరకు ఒక్క వికెట్టు పడలేదు. చివరకు మనమే 171 పరుగులతో గెలిచాము. అంతటివారు 2012 ఆగస్టులో, హైదరాబాదులోనే న్యూజిలాండుతో టెస్టు జరుగబోతున్నది, జట్టులో పేరు ఉన్నది, సొంత ఊరివారి ముందు ఆడి చప్పట్లు అందుకొని దిగిపోవచ్చును. ఆయన అయిదు రోజుల ముందు, ఆగస్టు 18న, ఇక చాలునని ప్రకటించి తప్పుకున్నారు. 134 టెస్టులు, 8,781 పరుగులు, ముప్పై ఏడేండ్ల వయస్సు. ఇంకొక్క ఆట ఆడితే ఏమి పోయిందని ఆరోజు మావంటి అభిమానులము బాధపడ్డాము. కుర్చీ ఇంకా మనదే అయి ఉండగా లేవడము ఎంత కష్టమో నాకు ఈ మధ్యనే అర్థమవుతున్నది.

మూడవవారు తులసీదాస్ బలరామ్ గారు. 1936లో సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో తమిళ కుటుంబములో పుట్టారు. 1956, 1960 ఒలింపిక్సులలోను, 1962 ఆసియా క్రీడలలోను భారతదేశము తరఫున ఫుట్‌బాల్ ఆడారు. చూని గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరామ్ అని ఆ ముగ్గురి పేర్లను కలిపి చెప్పుకునేవారు. ఊపిరితిత్తుల జబ్బు వల్ల 1963లో, ఇరవై ఏడేండ్లకే, ఆట మానవలసి వచ్చినది. 2023 ఫిబ్రవరిలో, ఎనభై ఆరు సంవత్సరముల వయస్సులో కన్నుమూశారు. లెక్క వేయండి. ఆటగాడుగా ఉన్నది ఏడెనిమిది ఏండ్లు, మాజీ ఆటగాడుగా ఉన్నది అరవై ఏండ్లు. ఆ కాలములో ఆయన రైల్వేలో ఉద్యోగము చేశారు, కుర్రవాళ్ళకు ఆట నేర్పారు. ముందుగా, మన ఇష్టము లేకుండ, ఆగిపోవలసి వచ్చినవారు మన సంఘములోను ఉన్నారు. పక్షవాతము వచ్చినవారు, చూపు పోయినవారు, మూతబడిన మిల్లులో పని చేసినవారు. బలరామ్ గారిని వారికి గుర్తు చేయాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

నాలుగవవారు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు. నాకు అందరికంటె దగ్గరివారు, ఎందుకంటే ఆయన మావలె బడిపంతులు. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దారు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచినది. ఆయన శిక్షణలో భారతదేశము 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో బంగారు పతకము తెచ్చుకున్నది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమునకు వచ్చినది. 1962లో జకార్తా ఆసియా క్రీడలకు జట్టును తీసుకొని వెళ్ళేనాటికి ఆయనను క్యాన్సరు పట్టుకున్నది. సెప్టెంబరు 4న జరిగిన ఫైనలులో మన జట్టు దక్షిణ కొరియాను 2-1 గోలులతో ఓడించినది. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్ 11న, రహీమ్ గారు చనిపోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో బంగారము ఆ తరువాత మనకు తిరిగి రాలేదు. 1970లో కంచు వచ్చినది, అంతే.

ఒక చిన్న సంగతి. మన దేశములో ఉపాధ్యాయ దినోత్సవము మొట్టమొదట జరుపుకున్నది 1962 సెప్టెంబరు 5న. దానికి ముందురోజే ఒక బడిపంతులు తన ఆఖరి పాఠము చెప్పి బంగారము తెచ్చాడు. బడిలో పిల్లలకు ఏటా ఆ రోజున ఈ సంగతి చెప్తాను. ముందు వరుసలో కూర్చున్నవాళ్ళు చెవులు రిక్కిస్తారు, వెనుక వరుసవాళ్ళు ఫుట్‌బాల్ పీరియడు ఎప్పుడని అడుగుతారు. రెండూ నాకు సంతోషమే.

ఈ నలుగురిలో ఎవరి దారి గొప్పది అని అడిగితే నేను చెప్పలేను. శక్తి ఉన్నంతకాలము ఆడినవారు, ఇంకా ఆడగలిగి ఉండి లేచినవారు, ఆగిపోవలసి వచ్చి వేరొక పని పట్టుకున్నవారు, పని మీదనే ఆయుష్షు ఖర్చు చేసినవారు. మన ఇండ్లలో కూడ ఈ నాలుగు విధములవారూ ఉన్నారు. ఒకరి దారిని పట్టుకొని మరొకరిని కొలవకూడదు.

చివరి రోజు గురించి కూడ ఒక మాట. బ్రాడ్‌మన్ 1948 ఆగస్టులో ఓవల్ మైదానములో తన ఆఖరి ఇన్నింగ్సు ఆడడానికి దిగినప్పుడు, నాలుగు పరుగులు చేస్తే అతని సగటు నూరు అవుతుంది. రెండవ బంతికే సున్నకు అవుటయ్యాడు. సగటు 99.94 దగ్గర నిలిచిపోయినది. మన విజయ్ మర్చెంట్ 1951లో ఢిల్లీలో తన ఆఖరి టెస్టులో 154 పరుగులు చేశాడు, అదే అతని అత్యధిక స్కోరు. ఆ ఒక్క ఇన్నింగ్సును చూచి ఇద్దరిలో ఎవరు గొప్ప అని ఎవరైనా తీర్పు చెప్తారా? రిటైరయ్యే రోజున మనకు శాలువలు కప్పినా, కప్పకపోయినా, ఉపన్యాసములు బాగున్నా, మైకు చెడిపోయినా, ముప్పై ఎనిమిది ఏండ్ల సగటు మీద దాని ప్రభావము బహు స్వల్పము.

కాగితముల వయస్సు

ఇక నా సంగతికి వస్తాను. మనిషి ఎప్పుడు ముసలివాడవుతాడు? శరీరము ఒక సమాధానము చెప్తుంది. నలభైలో చత్వారము వస్తుంది, ఆ మాటలోనే నలభై ఉన్నది. ఇప్పుడు నాకు బౌండరీ దగ్గర నిలుచున్న ఫీల్డరు బాగా కనబడతాడు, పేపరులో అతని పేరు కనబడదు. మోకాళ్ళు బడి మెట్ల లెక్క చెప్తాయి. మా మనుమడు ఇరవై ఓవర్ల ఆట ముగిసేలోగా మూడుసార్లు లేచి గెంతుతాడు, నేను ఒక్కసారి లేస్తాను, అది కూడ మంచినీళ్ళకు.

ప్రభుత్వము మరొక సమాధానము చెప్తుంది. జర్మనీలో 1889లో వృద్ధాప్య పింఛను చట్టము చేసినప్పుడు దానికి వయస్సు డెబ్బది. మన రాష్ట్రములో 1983లో పదవీ విరమణ వయస్సు 58 నుండి 55కు తగ్గినది, తరువాత మరల 58 అయినది, 2014లో ఆంధ్రప్రదేశ్‌లో 60 అయినది, 2022 జనవరి నుండి 62. తెలంగాణలో 2021లో 61 చేశారు. అంటే ఒకే సంవత్సరములో పుట్టిన ఇద్దరు మాస్టర్లలో కృష్ణకు ఈవల ఉన్నవాడు ఇంకా పడుచువాడు, ఆవల ఉన్నవాడు రిటైరైన పెద్దమనిషి. దీనికి తోడు మా తరములో చాలమందికి పుట్టిన తేదీ బడిలో చేర్చుకున్న మాస్టరుగారు వేసినదే. జూన్ నెల ఒకటవ తేదీనాడు ఇంతమంది ఎలా పుట్టారో దేవునికే ఎరుక. ఆ తేదీయే సర్వీసు రిజిస్టరులో ఎక్కినది, దాని ప్రకారమే మేము ముసలివారమవుతున్నాము. కాబట్టి కాగితములోని వయస్సును చూచి దిగులుపడడములో అర్థము లేదు.

కాగితములలో కొన్ని మాత్రము జాగ్రత్తగా చూచుకోవలె. సర్వీసు రిజిస్టరులో ప్రతి ఇంక్రిమెంటు, ప్రతి సెలవు ఎక్కినదో లేదో ఒక సంవత్సరము ముందే చూచుకోండి. నామినేషను ఎవరి పేర ఉన్నదో చూడండి. పెండ్లికి ముందు తల్లి పేర వ్రాసి, తరువాత మార్చని వారు ఎందరో ఉన్నారు. కమ్యుటేషను కింద పింఛనులో నలభై శాతము వరకు ముందుగా ఏకమొత్తముగా పుచ్చుకోవచ్చును, ఆ కోత పదిహేను సంవత్సరములు సాగుతుంది. పిల్లల పెండ్లికో, ఇంటి స్లాబుకో తొందరపడి పుచ్చుకునేముందు భార్యాభర్తలు ఇద్దరూ కూర్చొని లెక్క వేసుకోండి. ఇవి కాక ఏటేటా మనము బ్రతికే ఉన్నామని ధ్రువపత్రము ఇవ్వవలె. ఎదురుగా నిలుచున్నా కాగితము లేనిదే బ్రతికినట్లు కాదు.

పింఛను కాగితములకు భార్యాభర్తలు కలిసి దిగిన ఫోటో కావలె. మొన్న మేమిద్దరము స్టూడియోకు వెళ్ళాము. పెండ్లి ఫోటో తరువాత మేమిద్దరమే కలిసి స్టూడియోలో దిగినది ఇదే. ఫోటోగ్రాఫరు "కొంచెము దగ్గరకు జరగండి" అన్నాడు. మా ఇంటావిడ నవ్వి, "అప్పుడూ ఇదే మాట అన్నారు" అన్నది. ఆమె ఇంకొక మాట కూడ అన్నది, అది నన్ను ఇంకా వదలలేదు. "మీకు అరవై రెండుకు రిటైర్మెంటు ఇచ్చారు. నాకు ఎవరు ఇస్తారు?" అని. అయ్యలారా, ఉద్యోగము చేసిన స్త్రీలకు సయితము ఆఫీసు మాత్రమే ముగుస్తుంది, పొయ్యి ముగియదు. పురుషులు ఇంటికి వచ్చి రోజంతా కుర్చీలో కూర్చొని మూడు కాఫీలు అడిగితే, వారి విశ్రాంతి ఆమె మీద బరువు అవుతుంది. గనుక పదవీ విరమణ చేయబోయే ప్రతివాడూ ఇంటిలో ఒక పని తన పేర వ్రాయించుకోవలె. నేను ప్రొద్దుటి కాఫీ, కూరగాయలు తరుగుట ఇప్పటి నుండే మొదలుపెట్టాను. ముక్కలు సమానముగా రావడము లేదు. లెక్కల మాస్టరుకు అది అవమానమే.

మేము భయపడేది నిజముగా దేనికి? డబ్బుకు కొంత. ఆరోగ్యమునకు కొంత. అసలు భయము పేరు పోతుందేమోనని. ఇన్నాళ్ళు వీధిలోకి వస్తే "మాస్టారూ" అన్నారు. రేపు ఆ పిలుపు మిగిలినా, దాని వెనుక పని ఉండదు. మా బడిలో పని చేసి రిటైరైన ఒక పెద్దాయన చాల రోజులు ప్రొద్దున తొమ్మిదిన్నరకు ఇస్త్రీ చొక్కా తొడుక్కొని గేటు ఎదుట టీ దుకాణములో కూర్చునేవాడు. మొదటి గంట కొట్టగానే లేచి నిలుచునేవాడు. పిల్లలు నవ్వేవారు. నాకు నవ్వు రాలేదు. ఆ తరువాత ఒక ఆడపిల్ల, టీ దుకాణదారు కూతురు, లెక్కలలో తప్పి ఏడుస్తుంటే ఆయన అక్కడే బల్ల మీద కాగితము పరచి భిన్నాలు చెప్పాడు. మరునాడు ఇద్దరు వచ్చారు, నెల తిరిగేసరికి పన్నెండుమంది. ఆ పిల్ల పదవ తరగతి గట్టెక్కినది. ఆయన ఇప్పుడు గంట కొడితే లేవడు, వినిపించుకోడు, పనిలో ఉంటాడు.

మన సంఘములో చేయదగినవి

ఈ శతాబ్ది సంవత్సరములో మన పాస్టరేటు కమిటీల ముందు మూడు చిన్న మనవులు ఉంచుతాను. పెద్ద ఖర్చు లేనివే.

మొదటిది, ప్రతి సంఘములో రిటైరైనవారి జాబితా ఒకటి వ్రాయండి. ఎవరికి ఏమి చేతనవునో పేరు ఎదుట వేయండి. కుట్టుపని, నర్సింగు, వడ్రంగము, ఇంగ్లీషు, ఆఫీసు ఉత్తరములు వ్రాయుట, తబలా, ఏదైనా సరే. కోత పండుగకు ఎవరు ఎన్ని బస్తాలు తెచ్చారో మనము వ్రాసి పెట్టుకుంటాము. ఈ పంటను మాత్రము ఎవరూ వ్రాయడము లేదు.

రెండవది, పింఛను కాగితములలో విధవరాండ్రకు, చదువు తక్కువైన వారికి తోడు వెళ్ళేవారు ఇద్దరిని ఏర్పాటు చేయండి. కుటుంబ పింఛను రావలసి ఉండి, ఏ కాగితము ఎక్కడ ఇవ్వాలో తెలియక నెలల తరబడి తిరిగే అమ్మలు మన ఊళ్ళలో ఉన్నారు. ఆఫీసులలో ముప్పై ఏండ్లు పని చేసినవారికి ఇది ఒక పూట పని.

మూడవది, మన బడుల ఆటస్థలములు. సాయంత్రము అయిదు గంటలకు తాళము వేస్తారు, పిల్లలు రోడ్డు మీద ఆడుకుంటారు. మావంటి ముసలివారు ఇద్దరు ముగ్గురు అక్కడ కూర్చుంటే గేటు తెరిచి ఉంచవచ్చును. మేము ఆడలేము గాని చూడగలము. చప్పట్లు కొట్టగలము, స్కోరు వ్రాయగలము, దెబ్బ తగిలిన పిల్లవాడి మోకాలు కడగగలము. రహీమ్ గారు పిల్లలను చూచిన తీరులో చూచేవాడు ఒక్కడున్నా, ఏ పిల్లవాడి కాలులో ఏమి ఉన్నదో బయటపడుతుంది.

యౌవనులతో ఒక మాట. మా ఆటగాళ్ళ పేర్లు మీకు తెలియవని మేము గొణుగుతాము. మీ ఆటగాళ్ళ పేర్లు మాకు తెలియవు, అది కూడ నిజమే. ఒక పని చేయండి. మీ ఇంటిలో తాతగారిని, నాయనమ్మను, ఆదివారము సాయంత్రము ఆట చూచేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. నియమములు వారికి ఓపికగా చెప్పండి. వారు జట్టు పేరు తప్పు పలికితే నవ్వండి, తరువాత సరిచేయండి. అంతకు మించిన వైద్యము ఏ ఆసుపత్రిలోను లేదు.

నా సంగతి అడిగితే, మిగిలిన ఎనిమిది నెలలలో తొమ్మిదవ తరగతివారికి బీజగణితము పూర్తి చేయవలె. నా తరువాత వచ్చే మాస్టరు కొరకు ఏ పిల్లవాడు ఎక్కడ తడబడతాడో ఒక నోటుపుస్తకములో వ్రాస్తున్నాను. నలభై ఇద్దరు పిల్లలు ఉన్నారు, ఇప్పటికి పందొమ్మిదిమంది గురించి వ్రాశాను. 2013 నవంబరులో సచిన్ తన 200వ టెస్టు ముగిసిన తరువాత ఒంటరిగా పిచ్ దగ్గరకు వెళ్ళి దానిని తాకి నమస్కరించి వచ్చాడు. నా ఆఖరి రోజున నేను నల్లబల్లను శుభ్రముగా తుడిచి వస్తాను. మరునాడు ప్రొద్దున వచ్చే మాస్టరుకు వ్రాయడానికి చోటు ఉండవలె గదా.